పల్చటి రేకు, మొదటి వెల్డింగ్ మిషను

పాత మారుతి 800 ఇంట్లో ఉన్నవాళ్ళలో చాలామందికి ఇది అనుభవమే. డ్రైవరు కాళ్ళ కింది మ్యాటు ఎత్తి, చెమ్మ పట్టిన చోట స్క్రూడ్రైవరుతో కాస్త గట్టిగా పొడిస్తే అది రేకులోంచి కిందికి దిగిపోతుంది. పైన రంగు బాగానే ఉంటుంది, కింద ఇనుము పొరలు పొరలుగా లేచిపోయి ఉంటుంది. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారైన బండి కాబట్టి మన వీధుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలికి ఈ జబ్బు మరీ త్వరగా ముదురుతుంది.

తుప్పు తినేసిన చోటు కోసేసి, అదే మందం రేకు కొత్తది పెట్టి అతికించడం తప్ప దీనికి మందు లేదు. ఫైబరు గుడ్డ అంటించి పుట్టీ పూస్తే కొన్నాళ్ళు కంటికి కనపడదు, అంతే. దాని కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఒక్క ప్యాచ్‌తో పోయేదైతే టింకరింగ్ షెడ్డుకు తీసుకెళ్ళడమే నయం, దానికోసం మిషను కొనక్కర్లేదు. కానీ సెలవు రోజు పోర్టికోలో స్పానర్లు పరుచుకుని కూర్చునేవాళ్ళు, తమ బండి తమ చేత్తోనే బాగుపడాలని కోరుకునేవాళ్ళు ఉంటారు. ఫ్లోరు రేకు ఒక్కటే కాదు, సైలెన్సరు హ్యాంగరు, బ్యాటరీ ట్రే, బంపరు బ్రాకెట్టు, ఫెండరు అంచు, ఇలా ఏడాదికి నాలుగైదు పనులు తగులుతూనే ఉంటాయి. అలాంటివాళ్ళు మొదటి మిషను ఎలా ఎంచుకోవాలన్నదే ఈ వ్యాసం.

కొట్టుకు వెళ్తే అడిగే మొదటి ప్రశ్న, “ఎన్ని ఆంపియర్లది కావాలి సార్?” అని. డబ్బాల మీద 200, 250 అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ మిషను గొప్పదనిపిస్తుంది. గేట్లు, గ్రిల్సు చేసేవాళ్ళకు ఆ లెక్క సరిపోతుంది. కారు రేకుకు మాత్రం తిరగేసి అడగాలి: ఈ మిషను ఎంత తక్కువ కరెంటుతో, ఆరిపోకుండా, నిలకడగా మండగలదు? నా దృష్టిలో కొనేవాళ్ళు తేల్చుకోవలసిన మొదటి విషయం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

కారు బాడీ రేకు మందం సాధారణంగా 0.7 నుంచి 0.9 మి.మీ. ఉంటుంది. ఉక్కు దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. వెల్డింగ్ ఆర్కులో వేడి 5000 డిగ్రీలు దాటుతుంది. మందపాటి ఇనప బద్దె మీద ఆర్కు పెడితే వేడి కిందికీ పక్కలకీ పారిపోతుంది, కరిగేది పై పొర మాత్రమే. పల్చటి రేకుకు కింద ఇనుము లేదు, గాలి ఉంది. వేడి పోవడానికి పక్కదారులే మిగులుతాయి. అవి చాలక, కరిగిన లోహం రెండో వైపు దాకా దిగి, తన బరువుకు తానే జారిపోతుంది. చిల్లు పడుతుంది. చిల్లు అంచు ఇంకా పల్చన కాబట్టి, దాన్ని మూయబోతే మరింత పెద్దదవుతుంది. వెల్డర్లు వాడే మోటు లెక్క ఒకటుంది: మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్లు. ఆ ప్రకారం 0.8 మి.మీ. రేకుకు 30, 35 ఆంపియర్లు చాలు. 3 మి.మీ. బ్రాకెట్టుకు 120 దాకా కావాలి. ఇంట్లో కారు పని చేసేవాడికి ఈ రెండు కొసలూ అవసరమే, కానీ దొరకడం కష్టమైనది కింది కొస.

ఇప్పుడు రాడ్డు వెల్డింగు సంగతి చూద్దాం. మనకు బాగా తెలిసిన ఆర్క్ వెల్డింగ్ అదే. ఇనప రాడ్డు, దాని మీద ఫ్లక్సు పూత. రాడ్డు కరిగి అతుకులో కలుస్తుంది, పూత కాలి పొగై గాలిని దూరం పెడుతుంది, మిగిలింది స్లాగు పెచ్చుగా పైన పేరుకుంటుంది. ఇన్వర్టరు మిషను ఇప్పటి ధరల్లో ఐదారు వేల నుంచి దొరుకుతుంది. గాలి వీచే ఆరుబయట కూడా పనిచేస్తుంది, సిలిండరు గొడవ లేదు. చౌక అన్న ఒక్క మాటే చూసేవాడు దీన్నే కొంటాడు. అయితే సామాన్యంగా దొరికే 2.5 మి.మీ. రాడ్డు సరిగ్గా మండాలంటే 60 నుంచి 90 ఆంపియర్లు కావాలి. 2 మి.మీ. రాడ్డుకు కూడా 40 పైనే. అంతకన్నా తగ్గిస్తే రాడ్డు రేకుకు అంటుకుపోతుంది, పెంచితే రేకు చిల్లుపడుతుంది. ఏళ్ళ తరబడి చెయ్యి తిరిగిన టింకరు దీనితోనూ ఫెండరు అతికిస్తాడు, అది ఆయన చేతిలోని విద్య. కొత్తగా మొదలుపెట్టేవాడికి ఇది మొదటి రోజే మనసు విరిచేస్తుంది. 2 మి.మీ. దాటిన బ్రాకెట్లు, స్టాండ్లు, గేట్లు మాత్రమే మీ పనైతే ఆర్క్ మిషను కొనండి, చక్కగా పనికొస్తుంది. బాడీ రేకు కోసమైతే వద్దు.

టిగ్ వెల్డింగు రెండో కొస. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో విమానాల మెగ్నీషియం భాగాల కోసం రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. 3400 డిగ్రీలకు గానీ కరగని టంగ్‌స్టన్ మొన నుంచి ఆర్కు, చుట్టూ ఆర్గాన్ వాయువు, ఇంకో చేత్తో పూరక తీగ. అతుకు ఎంతో అందంగా వస్తుంది. కానీ రేకు మీద రంగు, తుప్పు, జింకు పూత ఏ మాత్రం ఉన్నా మొన పాడవుతుంది, పాత కారు కింద పడుకుని పైకి చూస్తూ చేసే పనికి అంత శుభ్రత కుదరదు. మొదటి మిషనుగా దీన్ని పక్కన పెట్టవచ్చు.

మిగిలింది మిగ్. మన షెడ్లలో సీవోటూ వెల్డింగ్ అంటే ఇదే. 1948లో అమెరికాలో మొదలైనప్పుడు ఖరీదైన ఆర్గాన్ లాంటి జడవాయువులతో అల్యూమినియం అతికించడానికి వాడేవారు. 1950లలో చౌకైన కార్బన్ డయాక్సైడు ఉక్కుకు పనికొస్తుందని తేలాక ఇది కార్ల షెడ్లకు చేరింది. టార్చిలోంచి సన్నటి తీగ మోటారు తోసినకొద్దీ బయటికి వస్తూ, తానే కరిగి అతుకవుతుంది. చుట్టూ వాయువు ఊదుతూ గాలిని తోసేస్తుంది. 0.8 మి.మీ. తీగ అన్ని చోట్లా దొరుకుతుంది. 0.6 మి.మీ. తీగ రేకు పనికి ఇంకా మంచిది కానీ అంత సులభంగా దొరకదు.

కొత్తవాడికి మిగ్ ఎందుకు లొంగుతుందో దాని లోపలి పనితీరు చూస్తే అర్థమవుతుంది. రాడ్డు మిషను కరెంటును స్థిరంగా ఉంచుతుంది, ఆర్కు పొడవును చేతితో కాపాడుకోవడం మన బాధ్యత. మిగ్ మిషను వోల్టేజీని స్థిరంగా ఉంచుతుంది, తీగ ఒకే వేగంతో వస్తుంది. చెయ్యి వణికి టార్చి రేకుకు దగ్గరైతే ఆర్కు కురచనవుతుంది, కరెంటు పెరుగుతుంది, తీగ త్వరగా కరుగుతుంది, ఆర్కు మళ్ళీ మునుపటి పొడవుకు వస్తుంది. దూరమైతే ఇదంతా తలకిందులుగా జరుగుతుంది. మన చేతి వణుకును మిషను అర క్షణమైనా పట్టకుండానే సర్దేస్తుంది. తక్కువ కరెంటులో ఇంకో మేలు కూడా ఉంది. తీగ కొస కరిగిన మడుగును తాకుతుంది, షార్టవుతుంది, తెగుతుంది, మళ్ళీ ఆర్కు వెలుగుతుంది. సెకనుకు ఇలా పదుల నుంచి వందల సార్లు. ఆర్కు ఎడతెగకుండా మండదు కాబట్టి రేకులోకి పోయే వేడి తగ్గుతుంది. వోల్టేజీ, తీగ వేగం రెండూ కుదిరాయో లేదో చెవితోనే తెలుస్తుంది: తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు ఎడం లేకుండా, ఒకే తీరున వినిపించాలి. టప్ టప్‌మని ఆగి ఆగి పేలుతూ తీగ రేకును పొడుస్తుంటే వేగం ఎక్కువైనట్టు. బుస్సుమంటూ కొసన పెద్ద బొట్టు వేలాడుతుంటే వోల్టేజీ ఎక్కువైనట్టు.

ఇక్కడ చాలామంది చేతులు కాల్చుకునే చోటు ఒకటుంది. ‘గ్యాస్ లేని మిగ్’ అని చిన్న మిషన్లు అమ్ముతారు. వీటికి వేసే తీగ బోలుగా ఉండి లోపల ఫ్లక్సు పొడి ఉంటుంది, అది కాలి తన వాయువు తానే తయారుచేసుకుంటుంది. సిలిండరు ఖర్చు లేదు, గాలిలోనూ పనిచేస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటరు పైన ఉన్న ఇనుముకు నిజంగానే బాగుంటుంది. కానీ ఈ తీగ నిలకడగా మండటానికి ఎక్కువ కరెంటు అడుగుతుంది, రవ్వలూ పొగా ఎక్కువ, పైన స్లాగు దులపాలి. 0.8 మి.మీ. రేకు మీద చిల్లులు పడకుండా దీన్ని నడపడం కష్టం. కాబట్టి గ్యాసుతోనూ, గ్యాసు లేకుండానూ నడిచే మిషనే తీసుకోవాలి. ఆర్క్ ఇన్వర్టరుకు రెండు మూడింతల ధర పడుతుంది, ఆ డబ్బు ఊరికే పోదు. తలుపు తెరిచి లోపల చూడండి: ప్లస్సు, మైనస్సు కేబుళ్ళు మార్చి బిగించే ఏర్పాటు ఉండాలి. గ్యాసుతో వాడే గట్టి తీగకు టార్చి ప్లస్సులో ఉండాలి, ఫ్లక్సు తీగకు మైనస్సులో. ఆ మార్పిడి లేని మిషను, గ్యాసు గొట్టం తగిలించే చోటు లేని మిషను ఎంత చౌకైనా రేకు పనికి కొనకండి. వీటిలో చాలావాటికి రాడ్డు హోల్డరు కూడా వస్తుంది కాబట్టి మందపాటి పనులకూ అదే సరిపోతుంది.

ఉక్కుకు కార్బన్ డయాక్సైడు చాలు. ఆర్గాన్ కలిపిన మిశ్రమం అయితే రవ్వలు తగ్గి అతుకు నున్నగా వస్తుంది, ఖర్చు మాత్రం ఎక్కువ. కిలో కార్బన్ డయాక్సైడు మామూలు గది వేడిమిలో దాదాపు 550 లీటర్ల వాయువవుతుంది. నిమిషానికి 10 లీటర్లు వాడితే ఎడతెరిపి లేకుండా 55 నిమిషాల ఆర్కు. రేకు పనిలో ఆర్కు ఒక్కోసారి అర సెకను, సెకను మాత్రమే మండుతుంది కాబట్టి చిన్న సిలిండరు చాలా రోజులు వస్తుంది. అయితే ఫ్యాను కట్టేయాలి, లేకపోతే వాయువు ఎగిరిపోయి అతుకు నిండా తేనెతుట్టెలా రంధ్రాలే. ఇంకో జాగ్రత్త మన ఎండలను బట్టి చెబుతున్నాను. 20 డిగ్రీల దగ్గర ఈ సిలిండరు లోపల ఒత్తిడి సుమారు 57 బార్లు. 31 డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడు ద్రవంగా నిలవదు, ఒత్తిడి త్వరత్వరగా పెరుగుతుంది. రెంటచింతల మే నెలలో సిలిండరును ఎండలో గానీ, కారు డిక్కీలో గానీ వదిలేయడం ప్రమాదం. నీడలో, నిలబెట్టి, గోడకు గొలుసుతో కట్టాలి. గాలి కన్నా బరువైన వాయువు కాబట్టి గుంటలోనో, మూసిన గదిలోనో లీకైతే కిందనే పేరుకుని ఊపిరాడకుండా చేస్తుంది.

మిషను వెనక ఒక చిన్న రేకు పలక ఉంటుంది. డబ్బా మీది అంకెల కన్నా దాన్ని నమ్మాలి. ‘ఎక్స్’ అన్న గడిలో 30%, ‘ఐ-టూ’ గడిలో 160 ఆంపియర్లు అని ఉందనుకోండి. 160 దగ్గర పది నిమిషాల్లో మూడు నిమిషాలు వెల్డు చేసి, ఏడు నిమిషాలు ఆగాలని అర్థం. దీన్నే డ్యూటీ సైకిల్ అంటారు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి కరెంటు తగ్గిస్తే ఈ వ్యవధి గబగబా పెరుగుతుంది: అదే మిషను 100 ఆంపియర్ల దగ్గర దాదాపు 77% పనిచేస్తుంది, 35 దగ్గర ఆపాల్సిన పనే ఉండదు. అంతర్జాతీయ ప్రమాణం ఈ పరీక్షను 40 డిగ్రీల వేడిలో చేయమంటుంది. కొన్ని చౌక మిషన్ల పలకల మీద 20 డిగ్రీల దగ్గరి లెక్క ఉంటుంది, మన వేసవికి అది ఎందుకూ కొరగాదు. పలక లేని మిషను, పలక మీద ఎక్స్ గడి లేని మిషను ముట్టుకోవద్దు. ఇక ఆ పలకలోనే కనిష్ఠ కరెంటు కూడా ఉంటుంది. 30 లేదా అంతకన్నా తక్కువ ఉంటే సంతోషం, 50 ఉంటే రేకు పని మరచిపోవచ్చు.

ఐదారు కిలోల పెట్టె ఇంత పని చేయడం వెనక ఉన్న కిటుకు ఫ్రీక్వెన్సీ. పాత మిషన్లలో సెకనుకు 50 సార్లు ఊగే కరెంటును బరువైన ఇనప ట్రాన్స్‌ఫార్మరు దించేది, అందుకే వాటికి చక్రాలుండేవి. ఇన్వర్టరు ఆ కరెంటును ముందు డీసీగా మార్చి, ఐజీబీటీ అనే స్విచ్చులతో సెకనుకు పదుల వేల సార్లు తుంచుతుంది. ఫ్రీక్వెన్సీ ఎంత పెరిగితే ట్రాన్స్‌ఫార్మరు అంత చిన్నదవుతుంది, గుప్పెడంత ఫెర్రైటు సరిపోతుంది. చల్లబరచడానికి ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది. అందుకే పక్కనే గ్రైండరు పెట్టకూడదు. ఆ ఇనప పొడి లోపలి బోర్డు మీద పేరుకుంటే షార్టే.

ఇంటి కరెంటు సరిపోతుందా అని అందరూ అడుగుతారు. మిగ్‌లో 35 ఆంపియర్ల దగ్గర ఆర్కు వోల్టేజీ 16 లోపే, అంటే 550 వాట్లు. మిషను నష్టాలు కలిపినా 750 దాటదు. రేకు పనికి మామూలు 16 ఆంపియర్ల సాకెట్టు దర్జాగా సరిపోతుంది. అదే రాడ్డుతో 100 ఆంపియర్లయితే 24 వోల్టుల చొప్పున 2400 వాట్లు, నష్టాలూ పవర్ ఫ్యాక్టరూ కలుపుకుంటే గోడ దగ్గర 18 ఆంపియర్ల పైమాటే. వోల్టేజీ 190కి పడిపోయే ఊళ్ళలో ఇంకా ఎక్కువ. అలాంటి పని ఉంటే ఎలక్ట్రీషియన్‌తో 4 చదరపు మి.మీ. వైరుతో విడిగా లైను లాగించుకోవాలి. ఎర్తింగు సరిగా ఉందో లేదో అప్పుడే చూపించుకోండి. ఎక్స్‌టెన్షన్ వాడితే 2.5 చదరపు మి.మీ. వైరు ఉన్నది వాడి, చుట్ట మొత్తం విప్పేయాలి. చుట్టగా ఉంటే అది కాగి కరుగుతుంది.

ఉన్న డబ్బంతా మిషనుకే పెట్టేయకండి. మూడో వంతు మిగతావాటికి ఉంచాలి, అందులో మొదటిది కళ్ళు. ఆర్కు వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. అప్పుడు ఏమీ తెలియదు, కొన్ని గంటలయ్యాక అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. దానికి కంట్లో పాలు వేయడం, ఆలుగడ్డ ముక్క పెట్టడం మాని డాక్టరుకు చూపించాలి. తనంతట తానే నల్లబడే హెల్మెట్టు కొనండి, 9 నుంచి 13 షేడు దాకా మార్చుకునేది. టార్చి ఎక్కడ పెడుతున్నామో స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి కొత్తవాడి పనితనమే మెరుగుపడుతుంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వెల్డింగు చేసేవాళ్ళు మన వీధుల్లో ఎందరో ఉన్నారు, వాళ్ళను చూసి నేర్చుకోవలసింది పని మాత్రమే, ఆ అలవాటు కాదు. పక్కన పిల్లలు తొంగిచూడకుండా అడ్డు కట్టాలి. తోలు గ్లౌజులు, నూలు బట్టలు, బూట్లు. పాలిస్టరు చొక్కా మీద రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.

కారుకు సంబంధించిన ప్రమాదాలు వేరే ఉన్నాయి. బ్యాటరీ నెగటివ్ టెర్మినలు ఊడదీయాలి. ఎర్త్ క్లాంపు అతుకుకు వీలైనంత దగ్గర బిగించాలి, దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా, వైరింగు గుండా దారి వెతుక్కుంటుంది. పెట్రోలు ట్యాంకు, ఇంధన గొట్టాలు, సీఎన్‌జీ కిట్టు ఉన్న వైపు కొత్తవాడు చెయ్యి పెట్టకూడదు. రేకు వెనక కార్పెట్టు, తారు పూత, వైర్లు తీసేయాలి. పనయ్యాక కూడా అర గంట అక్కడే ఉండి పొగ వస్తోందేమో చూడాలి, పక్కన మంటలార్పే సిలిండరో, బకెట్టు ఇసుకో ఉండాలి. జింకు పూత ఉన్న రేకయితే పూత గీకి తీసేయండి. జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది, ఆ తెల్లటి పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనరుతో తుడిచిన చోట అసలే వెల్డు చేయకూడదు, ఆర్కు వేడికి అందులోంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

ఇక ప్యాచ్ వేసే తీరు. తుప్పు కనిపించిన చోటు దాటి, గ్రైండరుతో రుద్దితే తెల్లగా మెరిసే ఇనుము తగిలేదాకా కోయాలి. కొత్త రేకు గంటుకు సరిపోయేలా కత్తిరించి, చుట్టూ ఒక రేకు మందమంత సందు ఉంచి నిలబెట్టాలి. తర్వాత గీతలా లాగకూడదు. ఒక చోట చుక్క, దానికి ఎదురుగా ఇంకో చుక్క, ఆపైన పక్క మూలలో మరొకటి. చుక్క పెట్టిన చోట ఎర్రదనం పోయి చేతికి తాళేంత చల్లబడ్డాకే దాని పక్కకు రావాలి. రేకు వేడికి సాగి, చల్లారినప్పుడు ముడుచుకుంటుంది. ఒకే చోట వేడి పోస్తే అది ముడుచుకోవడంతో పలక మొత్తం వంకర తిరుగుతుంది. చుక్కలు కలిసేదాకా ఇలాగే. వెనకవైపు రాగి పలక ఆనిస్తే అది వేడి లాగేస్తుంది, కరిగిన ఉక్కు దానికి అంటుకోదు, చిల్లుల భయం సగం తగ్గుతుంది. ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డు ఉన్న చోట పై రేకుకు 6 నుంచి 8 మి.మీ. రంధ్రం వేసి, అందులోంచి కింది రేకును కరిగిస్తూ నింపితే దాదాపు అదే బలం వస్తుంది. చివర్లో ప్రైమరు, అతుకు మీద సీలరు, వెనకవైపు మైనం లాంటి తుప్పు నిరోధకం. ఇది మానేస్తే వెల్డు పక్కనే మళ్ళీ తుప్పు.

ఈ మిషను చేతికొచ్చిందని చాసిస్ దూలాలు, సస్పెన్షన్ బిగించే చోట్లు, స్టీరింగు, సీటు బెల్టు లంగరు ముట్టుకోవద్దు. అతుకు పైకి బాగా కనిపిస్తూ లోపల పట్టుకోకపోవడం మిగ్‌లో చాలా మామూలు, బ్రేకు వేసినప్పుడు అది ఊడితే పోయేవి ప్రాణాలు. కొత్త కార్లలో పిల్లర్లు వేడిచేసి చల్లార్చిన అతిబలమైన ఉక్కుతో చేస్తారు, వెల్డు వేడికి ఆ బలం పోతుంది. అవి తయారీదారు పద్ధతి తెలిసిన షెడ్లకే వదలాలి. నేర్చుకోవాలన్న ఆసక్తి గట్టిగా ఉంటే మన ఐటీఐలలో వెల్డరు ట్రేడు ఉంది, అది ఏడాది కోర్సు. అంత తీరిక లేనివాళ్ళు చెయ్యి తిరిగిన టింకరు పక్కన కొన్ని రోజులు కూర్చున్నా చాలు.

కొనడానికి వెళ్ళేటప్పుడు 0.8 మి.మీ. రేకు ముక్కలు నాలుగు సంచిలో వేసుకెళ్ళండి. కరెంటును కింది కొసకు తిప్పి, 0.8 తీగతో రెండు ముక్కలు అంచుకు అంచు పెట్టి వెల్డు చేసి చూపించమనండి. శబ్దం వినండి. చల్లారాక ముక్కను తిరగేయండి: వెనకవైపు సన్నటి గట్టు సమంగా కనిపించాలి. వెనక ఏమీ కనపడకపోతే అతుకు పైపైనే ఉంది, పట్టకారుతో వంచితే ఊడుతుంది. బొట్లు వేలాడుతుంటే వేడెక్కువ. వెల్డు చేసింది అనుభవజ్ఞుడే అయి ఉండి, కనిష్ఠం దగ్గర ఆర్కు ఆగి ఆగి ఆరిపోతుంటే ఆ మిషను మీకు వద్దు. బాగుందనిపిస్తే డబ్బు ఇచ్చేముందు కాంటాక్ట్ టిప్పులు, తీగ జారే లైనరు, టార్చి నాజిలు మీ ఊళ్ళోనే విడిగా దొరుకుతాయా, గ్యారంటీలో రిపేరుకు మిషను ఎక్కడికి పంపాలి అని అడిగి, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకోండి.